పార్కిన్సన్స్: గడప దగ్గరికి రాగానే కాలు ఎందుకు ఆగిపోతుంది? ఎంఆర్ఐ ‘నార్మల్’ వచ్చినా నడక ఎందుకు తడబడుతుంది? పూర్తి వివరాలివే..

పొద్దున్నే లేచి వాకిట్లోకి బయల్దేరతారు. హాల్లో బాగానే నడుస్తారు. గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. ‘ఏమైంది బాపూ, అడుగెయ్యి’ అని కొడుకు వెనక నుంచి అంటాడు. ‘వెయ్యాలనే చూస్తున్న బిడ్డా, కాలు లేస్తలేదు’ అని తండ్రి జవాబు. ఓ పది సెకన్లు గడుస్తాయి. ఆ తర్వాత ఏమీ జరగనట్టే మళ్లీ నడిచేస్తారు. హన్మకొండ, కాజీపేట, ఖిలా వరంగల్.. ఎక్కడైనా సరే, పార్కిన్సన్స్ పేషెంట్ ఉన్న ఇంట్లో ఇది బాగా తెలిసిన సీనే.

దీంతో ఇంట్లోవాళ్లకు కంగారు మొదలవుతుంది. కొందరు పక్షవాతం అనుకుంటారు. మరికొందరు మోకాళ్లు అరిగాయంటారు. చివరికి వేలకు వేలు పోసి మెదడుకు ఎంఆర్ఐ తీయిస్తారు. రిపోర్టులో ‘నార్మల్’ అని ఉంటుంది. అసలు గొడవ అక్కడి నుంచే మొదలు. స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదా, మరి ఈయన కావాలనే ఇలా చేస్తున్నాడా? ఇప్పుడే బాగా నడిచి, ఇప్పుడే ఎలా ఆగిపోతాడు? అనే అనుమానం వస్తుంది.

అయితే ఆ అనుమానం తప్పు. కాలు ఆగడం మొండితనం కాదు, బద్ధకం అసలే కాదు. మామూలు ఎంఆర్ఐలో కనిపించనంత మాత్రాన సమస్య లేనట్టూ కాదు. మెదడును మరో రకంగా చూసే స్కానింగ్‌లతో సైంటిస్టులు ఈ విషయాన్ని ఇప్పటికే చాలావరకు పట్టుకున్నారు. అంతేకాదు, ఆగిన కాలును కదిలించే దారి కూడా మెదడులోనే ఉందని తేలింది. అదేంటో ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

అసలు ఏంటీ ‘ఫ్రీజింగ్’?

నడుస్తున్న మనిషి హఠాత్తుగా ఆగిపోవడాన్ని డాక్టర్లు ‘ఫ్రీజింగ్ ఆఫ్ గెయిట్’ అంటారు. అంటే నడక గడ్డకట్టుకుపోవడం. పైభాగం ముందుకు వెళ్లాలని చూస్తుంది, పాదాలు మాత్రం అంటించినట్టు నేలమీదే ఉంటాయి. కొందరికి మోకాళ్లు వణుకుతూ ఉన్నచోటే చిన్నచిన్న అడుగులు పడతాయి. సాధారణంగా కొన్ని సెకన్లలో వదిలేస్తుంది. కొన్నిసార్లు ఇంకాసేపు ఉంటుంది. ఒంటి బరువు ముందుకు పోయి, కాలు వెనకే ఉండిపోతే పడిపోవడం ఖాయం. వయసు మీదపడ్డాక అలా పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది.

ఇది ఎక్కడ పడితే అక్కడ రాదు. ఎక్కువగా వచ్చే చోట్లు ఇవీ..

- గడప, తలుపు, లిఫ్ట్, ఇరుకైన బాత్రూం ద్వారం
- వెనక్కి తిరిగేటప్పుడు, మలుపు తీసుకునేటప్పుడు
- కుర్చీలోంచి లేచి మొదటి అడుగు వేసేటప్పుడు
- బస్టాండ్, రైల్వే ప్లాట్‌ఫామ్ లాంటి రద్దీ చోట్ల
- ఫోన్ మోగిందనో, రైలు వచ్చేసిందనో కంగారు పడినప్పుడు
- చేతిలో టీ కప్పు పట్టుకుని, మాట్లాడుతూ నడిచేటప్పుడు

పార్కిన్సన్స్ వచ్చిన వెంటనే ఇది కనిపించడం తక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ దాదాపు సగం మందిలో వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019 నాటికే ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల మందికి పైగా పార్కిన్సన్స్‌తో బతుకుతున్నారు. అంటే ఎన్ని ఇళ్లలో ఈ కష్టం ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆటోపైలట్ పాడైతే..

లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే ఈ జబ్బు గురించి రాశారు. వణుకుతో పాటు ముందుకు వంగిపోయే ఒళ్లు, నడక కాస్తా పరుగులా మారిపోవడం కూడా ఆయన గమనించారు. అయితే కారణం తెలియడానికి మరో వందేళ్లకు పైగా పట్టింది. 1950ల్లో స్వీడన్ సైంటిస్ట్ అర్విడ్ కార్ల్‌సన్ మెదడులోని ‘డోపమైన్’ అనే రసాయనం ఎంత ముఖ్యమో చూపించారు. దానికే ఆయనకు 2000లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

మెదడు అడుగు భాగంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న నల్లటి ప్రాంతం ఉంటుంది. డోపమైన్‌ను తయారుచేసి, బేసల్ గాంగ్లియా అనే భాగానికి పంపేది అక్కడి కణాలే. పార్కిన్సన్స్‌లో ఈ కణాలు ఒక్కొక్కటిగా చనిపోతాయి. పేషెంట్‌కు వణుకో, నెమ్మదితనమో కనిపించే సరికే సగం వరకు, లేదంటే అంతకన్నా ఎక్కువే దెబ్బతిని ఉంటాయి.

మరి దీనికీ నడకకూ సంబంధం ఏంటి? మనం నడిచేటప్పుడు ‘ఇప్పుడు కుడికాలు, ఇప్పుడు ఎడమకాలు’ అని ఆలోచించం. మార్కెట్‌కు వెళ్తూ కూరగాయల రేట్లు లెక్కేసుకుంటాం, కాళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి. ఈ ఆటోపైలట్‌ను నడిపేది ప్రధానంగా బేసల్ గాంగ్లియానే. డోపమైన్ తగ్గితే ఆటోపైలట్ మొరాయిస్తుంది. అప్పుడు మెదడులో ఆలోచించే భాగం ప్రతి అడుగునూ స్వయంగా చూసుకోవాల్సి వస్తుంది. డ్రైవింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లు గేర్, క్లచ్, బ్రేక్ అని ప్రతిదీ గుర్తుచేసుకుంటూ నడిపినట్టన్నమాట. ఖాళీ రోడ్డు మీద ఫర్వాలేదు. చౌరస్తాలో హారన్ మోగితే? బండి ఆగిపోతుంది. గడప దగ్గర జరిగేదీ దాదాపు ఇదే.

మరి ఎంఆర్ఐలో ఎందుకు కనిపించదు?

మామూలు ఎంఆర్ఐ మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. ఎక్కడైనా రక్తం గడ్డకట్టిందా, గడ్డ ఉందా, నీరు చేరిందా అనేవి అందులో తెలుస్తాయి. డోపమైన్ ఎంత ఉందో అది చెప్పలేదు. ఇల్లు కూలిందో లేదో ఫోటోలో తెలుస్తుంది కానీ, ఇంట్లో కరెంట్ ఉందో లేదో తెలియదు కదా. ఇదీ అంతే. అందుకే పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో చాలామందికి ఎంఆర్ఐ నార్మల్‌గానే వస్తుంది. ఈ జబ్బును డాక్టర్లు ప్రధానంగా పేషెంట్‌ను పరీక్షించే నిర్ధారిస్తారు. చేతి కదలిక, బిగుతు, నడక, మందుకు స్పందన.. ఇవే కీలకం.

అలాగని ఎంఆర్ఐ దండగ అనుకోవద్దు. పార్కిన్సన్స్‌లా కనిపించే వేరే జబ్బులను అది పట్టిస్తుంది.

- మెదడులో నీరు చేరడం: పాదాలు నేలకు అయస్కాంతంలా అంటుకుంటాయి. మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు తోడవుతాయి. దీన్ని నార్మల్ ప్రెజర్ హైడ్రోసెఫలస్ అంటారు. ఎంఆర్ఐలో మెదడు లోపలి నీటి గదులు పెద్దగా కనిపిస్తాయి. అన్ని పరీక్షలూ చేశాక సరిపోతుందనుకుంటే ‘షంట్’ ఆపరేషన్‌తో ఆ నీటిని మళ్లిస్తారు. చాలామందిలో నడక మెరుగవుతుంది. అందుకే దీన్ని మిస్ కాకూడదు.
- చిన్నచిన్న స్ట్రోక్‌లు: బీపీ, షుగర్ ఎన్నాళ్లుగానో ఉన్నవాళ్లకు మెదడులోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. చేతులు బాగానే ఉంటాయి, నడుము కింది భాగం మాత్రం మొరాయిస్తుంది.
- పీఎస్‌పీ: మొదట్లోనే తరచూ వెనక్కి పడిపోతుంటారు. కళ్లు పైకీ కిందికీ తిప్పడం కష్టమవుతుంది. ఎంఆర్ఐలో మెదడు కాండం పైభాగం సన్నబడి, పక్క నుంచి చూస్తే హమ్మింగ్‌బర్డ్ పిట్ట ఆకారంలో కనిపిస్తుంది.

ఇక డోపమైన్ వ్యవస్థను చూపించే స్కాన్‌లు వేరే ఉన్నాయి. రేడియో ధార్మికత కొద్దిగా ఉన్న మందును నరంలోకి ఎక్కించి, అది మెదడులో ఎక్కడ చేరిందో కెమెరాతో చూస్తారు. మన దేశంలో ట్రోడాట్ స్కాన్, ఎఫ్-డోపా పెట్ స్కాన్ పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. మామూలు మనిషిలో రెండు వైపులా కామా గుర్తుల్లా వెలుగు కనిపిస్తుంది. పార్కిన్సన్స్‌లో ఆ కామా తోక మాసిపోయి, చుక్కలా మిగులుతుంది.

అందరికీ ఈ స్కాన్ అవసరం లేదు. లక్షణాలు స్పష్టంగా ఉండి, మందుకు తేడా కనిపిస్తుంటే డాక్టర్లు సాధారణంగా దీని జోలికి వెళ్లరు. ఇది బాగా పనికొచ్చే సందర్భం ఒకటుంది. కళ్లు తిరుగుతున్నాయని వాడే సిన్నరిజిన్, మైగ్రేన్‌కు వాడే ఫ్లునారిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, గ్యాస్ ట్రబుల్‌కు వాడే లెవోసల్పిరైడ్, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు.. వీటిని ఎక్కువ రోజులు వాడినా అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే రావచ్చు. మందుల వల్ల మాత్రమే వచ్చిందైతే డోపమైన్ స్కాన్ సాధారణంగా నార్మల్‌గా ఉంటుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలను నెలల తరబడి మింగే అలవాటు మన దగ్గర తక్కువేం కాదు. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్‌లన్నీ పట్టుకెళ్లాలి. అయితే ఏ మందైనా సొంతంగా ఆపేయకూడదు, డాక్టర్ చెప్పాకే మార్చాలి.

కదలకుండా పడుకోబెట్టి నడకను ఎలా చూస్తారు?

ఇక్కడే సైంటిస్టులకు పెద్ద చిక్కు వచ్చింది. స్కానింగ్ మెషీన్‌లో తల కదిలితే బొమ్మ చెడిపోతుంది. నడక ఆగిపోవడాన్ని చూడాలంటేనేమో మనిషి నడవాలి. మరెలా? దీనికి కొన్ని ఉపాయాలు కనిపెట్టారు.

మొదటిది, ఊహ. పేషెంట్‌ను ఫంక్షనల్ ఎంఆర్ఐలో పడుకోబెట్టి, ‘మీరు ఈ దారిలో నడుస్తున్నట్టు ఊహించుకోండి’ అంటారు. మెదడులో ఏ భాగం పనిచేస్తే అక్కడికి రక్తం ఎక్కువగా చేరుతుంది, దాన్ని మెషీన్ పట్టేస్తుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 2011లో ఈ పద్ధతిలో చేసిన స్టడీ వెలువడింది. కాళ్లు ఆగిపోయే సమస్య ఉన్నవాళ్లలో, కదలికను ప్లాన్ చేసే మెదడు ముందు, మధ్య భాగంలో చురుకుదనం తగ్గింది. మెదడు కాండంలో నడకను నడిపించే ప్రాంతంలో మాత్రం పెరిగింది. పైనుంచి ఆర్డర్ సరిగా రాకపోవడంతో కింది ప్రాంతం ఆ లోటు పూడ్చడానికి తంటాలు పడుతోందని దీన్ని అర్థం చేసుకుంటున్నారు.

రెండోది, పెడల్. ఆస్ట్రేలియాలోని సిడ్నీ పరిశోధకులు స్కానర్‌లో పడుకున్న పేషెంట్ పాదాల కింద పెడల్స్ పెట్టారు. కళ్ల ముందు తెర మీద వీడియో గేమ్ లాంటి దారి ఉంటుంది. పెడల్ తొక్కుతుంటే ఆ దారిలో ముందుకు పోతారు, మధ్యలో తలుపులు వస్తాయి. ఆలోచించాల్సిన భారం పెరిగినప్పుడు పెడల్ తొక్కడం ఆగింది. ఆ క్షణంలోనే ఆలోచనకు, కదలికకు సంబంధించిన భాగాల మధ్య పొత్తు చెదిరినట్టు కనిపించింది.

మూడోది, టోపీ. నుదుటికి కట్టుకునే పట్టీలోంచి కంటికి కనిపించని కాంతిని పంపి, మెదడు ముందు భాగంలో ఆక్సిజన్ ఎంత వాడుతున్నారో కొలుస్తారు. ఇది కట్టుకుని నిజంగానే నడవొచ్చు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు మామూలుగా నడిచేటప్పుడు కూడా ఆలోచించే భాగం బాగా కష్టపడుతోందని వీటిలో తేలింది. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ పరిశోధకులు మలుపుల దగ్గర కాలు ఆగబోయే ముందే ఆ భాగంలో చురుకుదనం పెరగడం గమనించారు.

ఇవి పరిశోధన కోసం చేసే స్కాన్‌లే, ఆస్పత్రిలో అందరికీ రాసిచ్చేవి కావు. కానీ అన్నీ కలిపి చెబుతున్న మాట మాత్రం ఒక్కటే. తప్పు కాళ్లది కాదు, మెదడులోని దారులది. ఆటోపైలట్ దారి మూసుకుపోతే, ఆలోచన దారి మీద లోడ్ ఎక్కువై అదీ జామ్ అవుతోంది.

నడవలేని మనిషి సైకిల్ తొక్కాడు

ఇక్కడే ఆశ్చర్యపోయే విషయం ఉంది. 2010లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో నెదర్లాండ్స్ డాక్టర్లు ఓ వీడియో పెట్టారు. పదేళ్లుగా పార్కిన్సన్స్ ఉన్న 58 ఏళ్ల వ్యక్తి నాలుగు అడుగులు వేయడానికే అవస్థ పడుతున్నాడు. అదే మనిషిని సైకిల్ ఎక్కిస్తే ఎంచక్కా తొక్కుకుంటూ వెళ్లిపోయాడు, మలుపు కూడా తిప్పాడు. సైకిల్ దిగగానే కాళ్లు మళ్లీ ఆగిపోయాయి.

చదును నేల మీద తడబడేవాళ్లు మెట్లు మాత్రం చకచకా ఎక్కేయడం కూడా చాలామంది చూసే ఉంటారు. కారణం ఏంటంటే, పెడల్ అయినా మెట్టు అయినా కాలు ఎప్పుడు, ఎక్కడ వేయాలో బయటి నుంచి చెబుతుంది. లోపలి ఆటోపైలట్‌తో పనిలేకుండా, కంటి నుంచి వచ్చే సమాచారంతో మెదడు వేరే దారిలో కాలును కదిలిస్తుంది. మెయిన్ రోడ్డు మూసేస్తే గల్లీలోంచి వెళ్లినట్టన్నమాట. దీన్నే డాక్టర్లు ‘క్యూ’ అంటారు.

ఈ గల్లీ దారిని ఇంట్లోనే వాడుకోవచ్చు. పాత ఇళ్లలో షాబాద్ బండలు పరిచి ఉంటే, వాటి మధ్య గీతలే పనికొస్తాయి. ఒక్కో గీతను దాటుతున్నట్టు అడుగు వేయమనాలి. టైల్స్ ఉన్న ఇంట్లో రంగు టేప్‌ను అడ్డంగా, ఒక్కో అడుగు దూరంలో అంటించొచ్చు. గడపకు ముందు రెండు, గడప దాటాక రెండు గీతలు ఉంటే చాలు. కొందరికి గీతల కన్నా చప్పుడు బాగా పనిచేస్తుంది. చప్పట్లు, ‘ఒకటి, రెండు’ అనే లెక్క, తాళం ఉన్న పాట.. ఏదైనా సరే.

కాలు ఆగిపోతే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

- చెయ్యి పట్టి ముందుకు లాగొద్దు. ఒళ్లు ముందుకు వచ్చి, కాలు వెనకే ఉండిపోయి పడిపోతారు.
- ‘తొందరగా’ అనొద్దు. కంగారు పెరిగితే ఇంకా బిగుసుకుంటుంది.
- ముందు ఆగమనండి. నిటారుగా నిలబడి, ఓసారి ఊపిరి పీల్చుకోమనండి.
- బరువును ఓ కాలి మీద నుంచి మరో కాలి మీదకు మార్చమని, ఆ తర్వాత పెద్ద అడుగు వేయమని చెప్పండి.
- మీ పాదాన్ని వారి పాదం ముందు అడ్డంగా పెట్టి, ‘దీన్ని దాటు’ అన్నా చాలాసార్లు కదులుతారు. వాళ్లు తట్టుకుని పడకుండా పక్కనే ఉండాలి.
- ఉన్నచోటే గిర్రున తిరగకుండా, కాస్త వెడల్పుగా చుట్టి తిరగడం అలవాటు చేయించండి.
- నడుస్తున్నప్పుడు ప్రశ్నలు అడగొద్దు, చేతికి గిన్నె ఇవ్వొద్దు.
- రాత్రి మంచం నుంచి బాత్రూం వరకు లైటు ఉండాలి. దారిలో చాపలు, స్టూళ్లు తీసేయండి.

అయితే ఈ చిట్కాలు అందరికీ ఒకేలా పనిచేయవు. కొందరిలో కొన్నాళ్లకు ప్రభావం తగ్గుతుంది. అప్పుడు క్యూ మార్చి చూడాలి. ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుంటే ఇంకా మంచిది.

వైద్యం సంగతేంటి?

ఇప్పటికీ ప్రధానమైన మందు లెవోడోపానే. మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. మందు పవర్ తగ్గిన టైమ్‌లోనే కాళ్లు ఆగుతుంటే, డోసు లేదా టైమ్ మార్చితే చాలామందికి తగ్గుతుంది. మందు పనిచేస్తున్నా ఆగుతుంటే కథ వేరు. అందుకే ఏ టైమ్‌కు మాత్ర వేసుకున్నారు, ఏ టైమ్‌కు కాలు ఆగింది అనేది ఓ నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

మెదడులో సన్నటి తీగలు అమర్చి కరెంట్ ఇచ్చే డీబీఎస్ ఆపరేషన్ హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తున్నారు. లెవోడోపాతో తగ్గే ఫ్రీజింగ్ దీనితోనూ తగ్గే అవకాశం ఉంది. మందుకు లొంగని ఫ్రీజింగ్‌కు మాత్రం దీనిపై పెద్దగా ఆశ పెట్టుకోలేం. అప్పులు చేసి ఆపరేషన్‌కు సిద్ధపడే కుటుంబాలు డాక్టర్‌ను ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే.

కొత్త ప్రయత్నాలూ జరుగుతున్నాయి. ఎన్నో ఏళ్లుగా పార్కిన్సన్స్‌తో నడవలేకపోతున్న ఓ ఫ్రాన్స్ వ్యక్తికి స్విట్జర్లాండ్ పరిశోధకులు వెన్నుపాము మీద కరెంట్ ఇచ్చే పరికరం అమర్చారు. ఆయన నడక మెరుగుపడిందని 2023 నవంబర్‌లో ప్రకటించారు. కానీ అది ఒక్క మనిషిలో వచ్చిన ఫలితం. అందరికీ అందుబాటులోకి రావాలంటే ఇంకా చాలా పరీక్షలు జరగాలి.

వరంగల్ వాళ్లు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

నడక తేడా అనగానే సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు పరుగెత్తాల్సిన పనిలేదు. ముందు కావాల్సింది స్కాన్ కాదు, న్యూరాలజిస్ట్ పరీక్ష. ఎంజీఎం ఆస్పత్రి, కాకతీయ మెడికల్ కాలేజీ ఆవరణలోని పీఎంఎస్‌ఎస్‌వై సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఊళ్లోనే ఉన్నాయి. ఏ స్కాన్ అవసరం, అసలు అవసరమా లేదా అన్నది డాక్టర్ నడకను చూశాక తేలాలి. ట్రోడాట్ లాంటివి కావాలంటే అప్పుడు హైదరాబాద్ ఆలోచన చేయొచ్చు.

మరో ముఖ్యమైన విషయం.. డాక్టర్ గదిలో ఫ్రీజింగ్ చాలాసార్లు కనిపించదు. డాక్టర్ చూస్తున్నారని పేషెంట్ నడక మీదే మనసు పెడతాడు, దాంతో చక్కగా నడిచేస్తాడు. ఇంటికి రాగానే మళ్లీ మామూలే. అందుకే ఇంట్లో కాలు ఆగినప్పుడు పాదాలు కనిపించేలా సెల్‌ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. పక్కన ఇంకొకరు పట్టుకునేందుకు ఉండాలి సుమా. వేలు పోసి తీయించిన స్కాన్ చెప్పలేనిది కూడా కొన్నిసార్లు ఆ అర నిమిషం వీడియో చెబుతుంది.

ఈసారి గడప దగ్గర బాపు ఆగిపోతే, ‘ఏమైంది’ అని అడగొద్దు. ఏమైందో ఇప్పుడు తెలుసు. పక్కన నిలబడి, ఓ పాదం ముందుకు పెట్టి, ‘దీన్ని దాటు బాపూ’ అంటే చాలు.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు, పరీక్షలు, వ్యాయామాల విషయంలో డాక్టర్ సలహా తప్పనిసరి.)